ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ.. గార్డెన్లు వేయడానికి రెండేళ్ల చదువెందుకు? సిలబస్, సీటు, ఉద్యోగాలు.. పూర్తి వివరాలు ఇవే

బీఆర్క్ ఐదేళ్లు పూర్తి చేసిన అమ్మాయో అబ్బాయో ఇంట్లో "ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేస్తా" అనగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న.. "మొక్కలు నాటడానికి ఇంకో రెండేళ్లు చదవాలా?" అని. అలా అడగడంలో తప్పేం లేదు. మన దగ్గర ల్యాండ్‌స్కేప్ అంటే అపార్ట్‌మెంట్ బ్రోచర్‌లో కనిపించే పచ్చిక, నాలుగు పామ్ చెట్లు, మధ్యలో ఓ ఫౌంటెన్. అంతే.

కానీ ఈ కోర్సులో చేరిన స్టూడెంట్ ముందుగా వెతకాల్సిన జవాబు వేరే ఉంటుంది. "ఈ స్థలంలో వాన పడితే నీళ్లు ఎటు పోతాయి?" వినడానికి చిన్న ప్రశ్నే. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు, ఆ ప్రశ్నను పట్టించుకోకుండా ఊరు పెంచితే ఏమవుతుందో అందరం చూశాం.

ఇంతకీ ఈ చదువేంటి? ఎక్కడుంది? సీటు ఎలా వస్తుంది? చదివాక ఉద్యోగం ఉంటుందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలేంటీ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్?

సింపుల్‌గా చెప్పాలంటే.. ఆర్కిటెక్ట్ గోడల లోపలి సంగతి చూస్తే, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ గోడల బయటి సంగతి చూస్తారు. నేల ఎత్తుపల్లాలు, వాన నీటి దారి, చెట్లు, నడక దారులు, నీడ, కూర్చునే చోట్లు, పార్కులు, చెరువు గట్లు, నదీ తీరాలు.. ఇవన్నీ వాళ్ల పరిధిలోకే వస్తాయి. ఇంటి వెనక పెరడు దగ్గర్నుంచి మొత్తం నదీ పరీవాహక ప్రాంతం దాకా స్కేల్ మారుతూ ఉంటుంది.

ఈ వృత్తికి ఆ పేరు స్థిరపడటంలో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌ది పెద్ద పాత్ర. 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి ఆయన ఇచ్చిన డిజైన్‌తోనే న్యూయార్క్ సెంట్రల్ పార్క్ వచ్చింది. 1900లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఇది ప్రత్యేక కోర్సుగా మొదలైంది. 1969లో ఇయాన్ మెక్‌హార్గ్ రాసిన 'డిజైన్ విత్ నేచర్' పుస్తకం ఈ చదువు దిశనే మార్చేసింది. నేల, నీరు, వాలు, వృక్షసంపద.. ఒక్కో అంశానికి ఒక్కో మ్యాప్ గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో తెలిసిపోతుందని ఆయన చూపించారు. ఇవాళ జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్లు వేసి చేసే పని వెనకున్న ఆలోచన కూడా అదే.

ఒక ఎకరం లెక్క చూద్దాం

ఇదేదో అందం కోసం చేసే పని అనుకునేవాళ్లు ఈ చిన్న లెక్క ఒకసారి చూడాలి.

ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. హైదరాబాద్‌లో గట్టి వాన అంటే ఒక్క సాయంత్రంలోనే ఇంత పడిపోతుంది. అప్పుడు ఆ ఎకరంలో పడ్డ నీళ్లు సుమారు 2 లక్షల లీటర్లు.

ఆ ఎకరమంతా కాంక్రీట్, తారు ఉంటే అందులో 90 శాతం, అంటే దాదాపు 1.8 లక్షల లీటర్లు అప్పటికప్పుడు రోడ్డు మీదకు, నాలాలోకి వెళ్లిపోతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే 36 ట్యాంకర్లు. అదే ఎకరం చెట్లు, గడ్డి ఉన్న నేల అయితే బయటకు వెళ్లేది 20 శాతం చుట్టుపక్కలే. అంటే 40 వేల లీటర్లు, 8 ట్యాంకర్లు. మిగతా నీళ్లు నేలలోకి ఇంకుతాయి, లేదా అక్కడే ఆగి మెల్లగా కదులుతాయి. నేల రకం, వాలును బట్టి ఈ శాతాలు మారుతుంటాయి కానీ తేడా మాత్రం ఈ స్థాయిలోనే ఉంటుంది.

ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీయే, వానాకాలంలో 36 ట్యాంకర్ల నీళ్లను పక్క బస్తీ మీదకు వదిలేస్తోందన్నమాట. ఈ లెక్క వేసి, ఆ నీళ్లను ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఇంకించాలి, ఎటు పంపాలి అని డ్రాయింగ్‌లో చూపించడమే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చేసే పనుల్లో మొదటిది.

మన పెద్దోళ్లకు తెలిసిన విద్యే

ఇది మనకు కొత్త సబ్జెక్టేమీ కాదు. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులే దీనికి పెద్ద ఉదాహరణ. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు నీళ్లు చేరేవి. ఎక్కడ కట్ట వేయాలి, తూము ఎక్కడుండాలి, మత్తడి ఎంత ఎత్తులో పెట్టాలి అనేది నేల వాలు చూసి నిర్ణయించారు. ఇవాళ క్లాస్‌లో 'వాటర్‌షెడ్ ప్లానింగ్' అని చెప్పేది ఇదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పునరుద్ధరించాలని తెలంగాణ ప్రభుత్వం లెక్క తేల్చిన చెరువులే 46 వేలకు పైగా ఉన్నాయంటే, ఆ వ్యవస్థ ఎంత పెద్దదో అర్థం చేసుకోవచ్చు.

సమస్య ఎక్కడొచ్చిందంటే.. చెరువుకు చెరువుకు మధ్య ఉన్న కాలువ మీద ప్లాట్లు పడ్డాయి. శిఖం భూమి లేఅవుట్ అయ్యింది. చెరువు అలాగే ఉంది, దారి మాత్రం పోయింది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ పాతబస్తీ శివారులో పల్లెచెరువు కట్ట తెగి కింది కాలనీల్లోకి నీళ్లు దూసుకెళ్లాయి. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఇప్పుడు మామూలు జనం నోట వినిపిస్తున్నాయంటే కారణం ఇలాంటి ఘటనలే. 2024 జులైలో హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల చర్చ ఇంకా పెరిగింది.

బుడమేరు కథా ఇలాంటిదే. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు ఇది. మామూలు రోజుల్లో చిన్న కాలువలా కనిపిస్తుంది కాబట్టి దాని పక్కనే ఇళ్లు లేచాయి. వాగుకు మామూలు రోజున ఉండే వెడల్పు వేరు, వరద రోజున కావాల్సిన వెడల్పు వేరు. ఈ రెండో వెడల్పును మ్యాప్ మీద గీసి, అక్కడ ఇళ్లకు బదులు ఆటస్థలమో, తోటో, పశువుల మేత భూమో ఉండాలని చెప్పేవాళ్లు కావాలి. ఆటస్థలం రెండ్రోజులు మునిగితే పెద్ద నష్టం లేదు. ఇల్లు మునిగితే కుటుంబం మొత్తం రోడ్డున పడుతుంది.

చైనాలో 'స్పాంజ్ సిటీ' పేరుతో ఇదే ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేయించిన వ్యక్తి కొంగ్‌జియాన్ యూ. రైతు కుటుంబం నుంచి వచ్చిన ఆయన హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, వెనక్కి వెళ్లి తడి నేలల పార్కులు డిజైన్ చేశారు. నీళ్లను కాంక్రీట్ గోడల మధ్య బంధించొద్దు, నెమ్మదిగా వెళ్లనివ్వండి అనేది ఆయన వాదన. 2025 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు.

రెండేళ్లలో ఏం నేర్పిస్తారు?

మన దేశంలో ఈ పీజీ సాధారణంగా నాలుగు సెమిస్టర్లు. కాలేజీని బట్టి పేపర్ల పేర్లు మారతాయి కానీ ముఖ్యమైనవి ఇవే.

డిజైన్ స్టూడియో: ప్రతి సెమిస్టర్‌లో అసలు బరువు దీనిదే. నిజమైన స్థలం ఇస్తారు. అక్కడికి వెళ్లి సర్వే చేసి, జనంతో మాట్లాడి, మ్యాపులు గీసి, డిజైన్ చేసి, అందరి ముందూ పెట్టి సమర్థించుకోవాలి. మొదట్లో చిన్న పార్క్ లాంటివి, తర్వాత క్యాంపస్‌లు, చివర్లో నది తీరమో, కొండ ప్రాంతమో, గనులు తవ్వి వదిలేసిన భూమో ఇస్తారు.

సైట్ ఇంజినీరింగ్: కాంటూర్లు చదవడం, నేల వాలును మార్చడం, డ్రైనేజీ, ఎంత మట్టి తవ్వాలి, ఎంత నింపాలి అనే లెక్కలు. ఉదాహరణకు వీల్‌చైర్ వెళ్లే ర్యాంప్‌కు 1:12 వాలు అంటారు. అంటే ఒక మీటర్ ఎత్తు ఎక్కాలంటే 12 మీటర్ల పొడవు కావాలి. గుడి ముందో, బస్టాండ్ ముందో నిటారుగా కట్టిన ర్యాంప్‌లు ఎందుకు పనికిరావో ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు.

నేల, నీరు, ఎకాలజీ: నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి. ఎర్ర చల్కా నేలలో త్వరగా ఇంకుతాయి. కాబట్టి మహబూబ్‌నగర్‌లో పనిచేసిన ఇంకుడు గుంత డిజైన్ గుంటూరు రేగడిలో అలాగే పనిచేస్తుందని చెప్పలేం. స్థలాన్ని బట్టి సమాధానం మారుతుందని నేర్పేది ఈ పేపరే.

మొక్కల పరిజ్ఞానం: పేర్లు బట్టీ కొట్టడంతో అయిపోదు. పదేళ్లకు, ముప్పై ఏళ్లకు చెట్టు ఎంత ఎత్తు, ఎంత గొడుగు వేస్తుంది, వేర్లు ఎటు పోతాయి, ఎప్పుడు ఆకు రాలుస్తుంది, ఏ పిట్ట వాలుతుంది.. ఇవన్నీ తెలియాలి.

చరిత్ర, సిద్ధాంతం: మొఘల్ చార్‌బాగ్‌ల నుంచి జపాన్ తోటల దాకా, ఇంగ్లండ్ పార్కుల నుంచి మన కోనేర్లు, మెట్లబావుల దాకా.

జీఐఎస్, సాఫ్ట్‌వేర్లు: క్యూజీఐఎస్, ఆటోక్యాడ్, స్కెచప్, రైనో లాంటివి. వీటిలో క్యూజీఐఎస్ పూర్తిగా ఉచితం. కోర్సులో చేరకముందే ఇంట్లో నేర్చుకోవచ్చు.

థీసిస్: చివరి సెమిస్టర్ దాదాపు మొత్తం దీనికే పోతుంది. ఏ సమస్య మీద పనిచేయాలనేది స్టూడెంటే ఎంచుకోవాలి. రేపు ఉద్యోగ ఇంటర్వ్యూలో మొదట అడిగేది కూడా దీని గురించే.

కోనోకార్పస్ చెప్పిన పాఠం

మొక్క ఎంపిక ఎంత సీరియస్ విషయమో చెప్పడానికి మన రోడ్ల మీదే ఓ ఉదాహరణ ఉంది. త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు, పెద్దగా చూసుకోవాల్సిన పని లేదు.. ఇన్ని కారణాలతో కోనోకార్పస్‌ను డివైడర్ల మీద, కాలేజీల ముందు వరసగా నాటేశారు. తర్వాత దాని పుప్పొడితో శ్వాస సమస్యలు వస్తాయన్న ఆందోళనలు, వేర్లు పైపులైన్లను, కేబుళ్లను దెబ్బతీస్తాయన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. తెలంగాణ ఈ మొక్క నాటడం ఆపించింది. 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు కూడా నిషేధించాయి.

నాటడానికి ఖర్చు, పెంచడానికి ఖర్చు, ఇప్పుడు పీకడానికి మళ్లీ ఖర్చు. కానుగ, వేప, పొగడ, మద్ది లాంటి మన చెట్లు ఉండగా ఒకే ఒక్క బయటి మొక్కను వేలల్లో ఎందుకు నాటారు? నర్సరీలో చవగ్గా దొరికింది, త్వరగా పచ్చదనం చూపించాలన్న తొందర ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత ఏమవుతుందని అడిగేవాళ్లు ఆ టేబుల్ దగ్గర లేరు. ఉండాల్సింది వాళ్లే.

ఎక్కడ చదవొచ్చు?

తెలుగు విద్యార్థులకు అన్నింటికన్నా దగ్గరున్నది విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్. అందరూ ఎస్పీఏ అంటారు. 2008లో కేంద్రం ఏర్పాటు చేసిన ఈ సంస్థకు 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ హోదా వచ్చింది. నిడమానూరులో క్యాంపస్ ఉంది. ఇక్కడ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో ఎంఆర్క్ ఉంది. ఢిల్లీ, భోపాల్ ఎస్పీఏల్లోనూ ఈ కోర్సు ఉంది. మన దేశంలో ఈ చదువుకు పునాది వేసిన చోటుగా ఢిల్లీ ఎస్పీఏకు పేరు. అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీలో కూడా మాస్టర్స్ ఉంది. ప్రభుత్వ సంస్థలతో పోలిస్తే సెప్ట్‌లో ఫీజు బాగా ఎక్కువ. ఇవి కాకుండా వేరే రాష్ట్రాల్లో కొన్ని ప్రైవేట్ కాలేజీలూ ఉన్నాయి. వాటిలో చేరే ముందు ఫ్యాకల్టీలో ల్యాండ్‌స్కేప్ చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారో, గత రెండేళ్ల థీసిస్‌లు ఎలా ఉన్నాయో చూసుకోవడం మంచిది.

సీటు ఎలా వస్తుంది?

మన దగ్గర ఎక్కువ కాలేజీలు బీఆర్క్ డిగ్రీ అడుగుతాయి. ప్రభుత్వ సంస్థల్లో సీటుకు గేట్ స్కోరు కీలకం. గేట్‌లో 'ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్' పేపర్ రాయాలి. దీని కోడ్ ఏఆర్. మొత్తం 100 మార్కులు, 3 గంటలు. జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులు, అందరికీ ఉమ్మడిగా ఉండే పార్ట్-ఏ 60 మార్కులు, ఆర్కిటెక్చర్ లేదా ప్లానింగ్‌లో ఒకటి ఎంచుకుని రాసే పార్ట్-బీ 25 మార్కులు. ఒకసారి వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

గేట్ ఫలితాల తర్వాత సీసీఎంటీ పేరుతో ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంటుంది. విజయవాడ, భోపాల్ ఎస్పీఏల సీట్లు ఇందులో చూడొచ్చు. సెప్ట్ తన అడ్మిషన్లు తానే నిర్వహించుకుంటుంది. తెలంగాణలో రాష్ట్ర స్థాయి ఎంఆర్క్ సీట్ల కోసం పీజీఈసెట్ ఉంది. అయితే కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలో ఏ స్పెషలైజేషన్ ఉందో చూసి ఆప్షన్ పెట్టుకోవాలి. ఎంఆర్క్ అని ఉన్న ప్రతి సీటూ ల్యాండ్‌స్కేప్ సీటు కాదు.

గేట్ స్కోరుతో చేరిన ఫుల్‌టైమ్ విద్యార్థులకు నిబంధనల ప్రకారం నెలకు రూ. 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది. ఇంటి మీద భారం వేయకూడదనుకునే వాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. గేట్‌ను సీరియస్‌గా తీసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

పేరు చూసి పొరబడొద్దు

ఇక్కడ చాలామందికి వచ్చే కన్ఫ్యూజన్ ఒకటుంది. హార్టికల్చర్ యూనివర్సిటీల్లో 'ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్' లేదా 'ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్' పేరుతో ఎమ్మెస్సీ ఉంటుంది. దీనికి బీఎస్సీ హార్టికల్చర్, అగ్రికల్చర్ నేపథ్యం కావాలి. పూల సాగు, మొక్కల ఉత్పత్తి, పచ్చిక, తోటల నిర్వహణ మీద దీని దృష్టి ఉంటుంది. ఎంఆర్క్ ల్యాండ్‌స్కేప్‌లో స్థలం డిజైన్, కట్టుబడి, నీటి వ్యవస్థ మీద దృష్టి ఉంటుంది. రెండూ మంచి చదువులే. కానీ ఒకటి చదివి రెండోదాని ఉద్యోగానికి అప్లై చేస్తే అర్హత దగ్గరే ఆగిపోవచ్చు.

విదేశాల్లో అయితే..

అమెరికాలో ఈ డిగ్రీని ఎంఎల్ఏ అంటారు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఏ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నా మూడేళ్ల ఎంఎల్ఏకు అప్లై చేయొచ్చు. సివిల్ ఇంజినీరింగ్, అగ్రికల్చర్, జియాలజీ, ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లకూ దారి ఉంటుంది. బీఆర్క్ ఉన్నవాళ్లకు కొన్నిచోట్ల రెండేళ్లకే పూర్తవుతుంది.

తెలుగు విద్యార్థులకు పనికొచ్చే ఇంకో విషయం.. 2023 జులైలో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌ను స్టెమ్ జాబితాలో చేర్చింది. దాంతో 12 నెలల ఓపీటీకి మరో 24 నెలల పొడిగింపు అడిగే అవకాశం వచ్చింది. అయితే వీసా రూల్స్ ఎప్పటికప్పుడు మారుతున్నాయి కాబట్టి అప్పు చేసే ముందు తాజా నిబంధన చూసుకోవాల్సిందే. అక్కడ సొంతంగా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలంటే ఎల్ఏఆర్ఈ అనే పరీక్ష పాసై రాష్ట్ర లైసెన్స్ తీసుకోవాలి.

బ్రిటన్‌లో ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు ఉన్న కోర్సు చూసుకోవాలి. షెఫీల్డ్ యూనివర్సిటీకి ఈ సబ్జెక్టులో మంచి పేరుంది. నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్, డెల్ఫ్ట్ యూనివర్సిటీలు ఉన్నాయి. సముద్రమట్టం కన్నా కిందున్న నేలను కాపాడుకుంటూ వచ్చిన దేశం కాబట్టి వరద సబ్జెక్టుకు అది సరైన చోటు. జర్మనీలో బెర్న్‌బుర్గ్‌లోని అన్‌హాల్ట్ యూనివర్సిటీ ఇంగ్లిష్‌లోనే మాస్టర్స్ చెబుతోంది.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. విదేశాల్లో నేర్చుకునే మొక్కలు, నేలలు, వాతావరణం అక్కడివి. తిరిగొచ్చి ఇక్కడ పనిచేయాలనుకుంటే మన చెట్లు, మన వానలు మళ్లీ నేర్చుకోక తప్పదు.

ఉద్యోగాలు ఉన్నాయా? జీతం ఎంత?

ఇంట్లోవాళ్లకు కావాల్సిన జవాబు ఇదే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. మన దేశంలో ఈ రంగంలో మొదటి ఉద్యోగం జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండదు. మొదటి రెండు మూడేళ్లు చిన్న డిజైన్ ఆఫీసుల్లో, ఎక్కువ గంటలు, తక్కువ జీతం అనే పరిస్థితే ఎక్కువ. హైదరాబాద్‌లో కన్నా బెంగళూరు, ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్‌లలో ఈ ఆఫీసులు ఎక్కువ. సైట్ మీద పని నేర్చుకుని, సొంతంగా ప్రాజెక్ట్ నడిపే స్థాయికి వస్తే పరిస్థితి మారుతుంది.

పని మాత్రం పెరుగుతోంది. 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి. దాంట్లో పచ్చదనం, వాన నీటి ప్లాన్ చూపించాలి. గ్రీన్ బిల్డింగ్ రేటింగుల్లోనూ దీనికి పాయింట్లు ఉంటాయి. ఆ రేటింగులిచ్చే ఐజీబీసీ ప్రధాన కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. 2021లో మొదలైన అమృత్ 2.0 పథకంలో చెరువుల పునరుద్ధరణ ఒక భాగం. అమరావతి ప్లాన్‌లోనూ పచ్చదనం, నీటి కాలువల నెట్‌వర్క్‌కు పెద్ద చోటే ఉంది. గేటెడ్ కమ్యూనిటీలు, ఐటీ క్యాంపస్‌లు, రిసార్ట్‌లు, మెట్రో స్టేషన్ల చుట్టూ ఉండే స్థలాలు సరేసరి.

వారసత్వ కట్టడాల పని మరో దారి. ఢిల్లీలో హుమాయూన్ సమాధి పక్కనున్న సుందర్ నర్సరీని 90 ఎకరాల పార్కుగా డిజైన్ చేసింది ఎస్పీఏలో పాఠాలు చెప్పిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మొహమ్మద్ షహీర్. ఆయన 2015లో చనిపోయారు, పార్క్ 2018లో జనానికి తెరుచుకుంది. ఇవాళ నాటిన చెట్టు నీడ మనకే దక్కాలన్న ఆశతో చేసే వృత్తి కాదిది. మన దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో పని 2013 నుంచి సాగింది. అక్కడి బడీ బావోలీతో పాటు గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. ఒకప్పుడు కూలిపోయిన బావిలో ఇప్పుడు మళ్లీ నీళ్లున్నాయి.

లోటు ఎక్కడుందంటే ప్రభుత్వంలో. మున్సిపాలిటీల్లో ఇంజినీర్ పోస్టు ఉంటుంది, టౌన్ ప్లానింగ్ పోస్టు ఉంటుంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పోస్టు చాలా చోట్ల లేదు. అవసరం వస్తే కన్సల్టెంట్‌ను పిలుస్తారు. చెరువు సుందరీకరణ అంటే గట్టు మీద టైల్స్, రంగు లైట్లు, సెల్ఫీ పాయింట్ అని తేలిపోవడానికి ఇదీ ఒక కారణమే. చెరువులోకి నీళ్లొచ్చే కాలువ గురించి ఫైల్లో రాసేవాళ్లే ఉండరు.

లైసెన్స్ సంగతేంటి?

ఆర్కిటెక్ట్ అనే పేరుకు 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం రక్షణ ఉంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు వాడాలి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌లకు మాత్రం మన దేశంలో విడిగా అలాంటి చట్టం, లైసెన్స్ పరీక్ష లేవు. ఇసోలా అనే వృత్తి సంఘం 2003 నుంచి పనిచేస్తోంది. కాబట్టి బీఆర్క్ తర్వాత కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, దాన్ని రెన్యువల్ చేసుకుంటూ ఉండటమే మంచిది. పీజీ వచ్చేసింది కదా అని దాన్ని వదిలేయొద్దు.

ఎవరు చేరాలి? ఎవరు ఆగాలి?

ఎండలో, బురదలో సైట్ మీద తిరగడం ఇష్టమైతే చేరొచ్చు. ఇవాళ గీసిన గీత ఫలితం పదేళ్ల తర్వాత కనిపిస్తుందంటే ఓపిక పట్టగలిగితే చేరొచ్చు. ఇంజినీర్, తోటమాలి, కార్పొరేటర్, కాలనీ సంఘం.. అందరితోనూ మాట్లాడి ఒప్పించాలి కాబట్టి మాట తీరు కూడా కావాలి.

బీఆర్క్ అయ్యాక ఏం చేయాలో తెలియక, ఖాళీగా ఉండటం ఎందుకని చేరేవాళ్లు మాత్రం ఒక్క ఏడాది ఆగడం మేలు. ఏదైనా ల్యాండ్‌స్కేప్ ఆఫీసులో ఆరు నెలలు పనిచేస్తే ఇది మనకు సెట్ అవుతుందో లేదో తేలిపోతుంది. ఇంటికి వెంటనే డబ్బు పంపాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు స్కాలర్‌షిప్ ఉన్న సీటు వస్తేనే వెళ్లడం తెలివైన పని. భారీ అప్పు చేసి ప్రైవేట్ సీటో, విదేశీ సీటో తీసుకుంటే మొదటి మూడేళ్ల జీతంతో ఆ కిస్తీలు కట్టడం కష్టం.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

బీఆర్క్ నాలుగో, ఐదో ఏడాదిలో ఉన్నవాళ్లకు ఇదీ ప్లాన్. గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఫైనల్ ఇయర్‌లోనే రాసేయొచ్చు. ఈలోగా క్యూజీఐఎస్ నేర్చుకోండి. మీ ఊళ్లో కనిపించే యాభై చెట్లను తెలుగు పేరు, శాస్త్రీయ నామంతో గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి. ఊరి రైతులను, తోటమాలిని అడిగితే పుస్తకంలో దొరకని సంగతులు చాలా చెబుతారు.

పోర్ట్‌ఫోలియోకు పెద్ద ప్రాజెక్టులు అక్కర్లేదు. మీ ఊరి చెరువు ఒకటి తీసుకోండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, అలుగు ఎటు పారుతుంది, మధ్యలో దారి ఎక్కడ మూసుకుపోయింది.. వానాకాలంలో నడిచి చూసి, మ్యాప్ గీయండి. ఆ ఒక్క మ్యాప్ ఇంటర్వ్యూలో పది రంగుల రెండరింగుల కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. సీటు రాకపోయినా నష్టమేం లేదు. మీ ఊరి నీళ్ల దారి మీకు తెలుస్తుంది, ఆ మ్యాప్ పంచాయతీ ఆఫీసులోనూ పనికొస్తుంది.